కొరియా బడిలో పరదేశి గురువు

చదువు చెప్పడానికి సముద్రం దాటి వెళ్ళినవారి కథలు మనకు సాధారణంగా రెండు చోట్ల కనిపిస్తాయి. మత ప్రచార సంఘాల నివేదికలలో వారు త్యాగమూర్తులు. రాజకీయ చరిత్రలలో ఒక పాదసూచిక. బడిగదిలో రోజువారీగా గడచిన జీవితం ఈ రెంటికీ నడుమ జారిపోతుంది. 1880ల నుంచి నేటివరకు విదేశీ ఉపాధ్యాయుణ్ణి పిలిపించుకొంటూ వచ్చిన కొరియా దేశపు అనుభవాన్ని ఈ దృష్టితో పరిశీలించడం ప్రయోజనకరం. పిలిచిన ప్రతిసారీ ఆ దేశం కోరినది భాషనే. వచ్చినవారిలో ఎవరిని గుర్తు పెట్టుకొన్నదో చూస్తే మాత్రం, వారు తెచ్చిన భాష కంటె నేర్చుకొన్న భాషే లెక్కకు వచ్చినట్లు తోస్తుంది.

శతాబ్దాల తరబడి చైనాతో తప్ప, జపానుతో కొద్దిపాటిగా తప్ప, ఇతరులతో సంబంధం పెట్టుకొనని జోసన్ రాజ్యం 1882లో అమెరికాతో ఒడంబడిక చేసుకొన్నది. ఒడంబడిక కుదిరిన తరువాత గాని ఒక ఇబ్బంది తెలిసిరాలేదు: ఇంగ్లీషు తెలిసినవారు దేశంలో లేరు. 1883లో విదేశీ వ్యవహారాల శాఖ కింద దొంగ్‌మున్‌హాక్ అనే చిన్న బడి దుబాసీలను తయారు చేయడానికి ఏర్పడింది. అందులో పాఠం చెప్పిన హాలిఫాక్స్ అనే ఆంగ్లేయుడు తంతి వార్తల పనిలో అనుభవం ఉన్నవాడు. అదే సంవత్సరం అమెరికా వెళ్ళిన రాయబార బృందం తిరిగివచ్చాక, గోజోంగ్ రాజు యువ ఉపాధ్యాయులను పంపవలసిందిగా ఆ ప్రభుత్వాన్ని కోరాడు. అమెరికా విద్యాశాఖ కమిషనరు జాన్ ఈటన్ ముగ్గురిని ఎంపిక చేశాడు. ఇంతలో 1884 డిసెంబరులో సియోల్‌లో రాజప్రాసాదపు తిరుగుబాటు జరిగి మూడు రోజులలో అణగిపోయింది. ఉపాధ్యాయుల సంగతి వెనుకబడింది. ముగ్గురూ సియోల్ చేరేసరికి 1886 జులై. ప్రభుత్వ కార్యాలయాల నడక ఎరిగిన పాఠకులకు ఈ జాప్యం ఆశ్చర్యం కలిగించదు. ఒక విప్లవ యత్నాన్ని దాటుకొని కాగితం బ్రతికి బయటపడటమే విశేషం.

ఆ ముగ్గురు హోమర్ హల్బర్ట్, జార్జి గిల్మోర్, డాల్జెల్ బంకర్. హల్బర్ట్‌కు అప్పటికి ఇరవైమూడేళ్ళు. డార్ట్‌మత్ కళాశాలలో చదివి న్యూయార్క్ యూనియన్ సెమినరీలో వేదాంత విద్య అభ్యసిస్తున్నవాడు. 1886 సెప్టెంబరులో వీరి కోసం తెరచిన ప్రభుత్వ పాఠశాల పేరు యుగ్యోంగ్ గొంగ్వోన్. దానిలో రెండు శాఖలు. ఎడమ మందిరంలో అప్పటికే కొలువులో ఉన్న యువ అధికారులు, కుడి మందిరంలో యాంగ్బాన్ కుటుంబాల బాలురు. యాంగ్బాన్ అంటే పరీక్షల ద్వారా కొలువులు పొందుతూ, క్రమంగా కులం వలె గట్టిపడిన కులీన వర్గం. తొలి విద్యార్థులు సుమారు ముప్పయి అయిదుగురు. ఎడమ మందిరంలో చేరినవారిలో యి వాన్‌యోంగ్ అనే యువకుడు ఒకడు. ఈ పేరు పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఈ పంతుళ్ళకు సియోల్‌లో జీవితం ఎలా గడచింది? నౌక దిగవలసినది జెముల్పో రేవులో, అంటే నేటి ఇంచోన్‌లో. రైలు 1899 వరకు లేదు; అక్కడినుంచి రాజధానికి మట్టిదారి మీద ఒక రోజు ప్రయాణం. నగరం చుట్టూ కోటగోడ. చీకటి పడగానే పెద్ద గంట మ్రోగేది, ద్వారాలు మూసుకొనేవి. ఆపైన పురుషులు వీధులలో తిరగరాదు; పగలంతా లోపల ఉన్న కులస్త్రీలు అప్పుడు ముసుగు వేసుకొని చుట్టాల ఇళ్ళకు బయలుదేరేవారు. దక్షిణపు కొండ మీద సంకేత జ్వాలలు వెలిగేవి. దేశం నలుమూలలా శాంతి ఉన్నదని కొండ నుంచి కొండకు అందుకొంటూ వచ్చిన సమాచారం అది. సాయంకాలం ఇంటింటా పొయ్యిలో కొమ్మలు వేస్తే ఆ వేడి, ఆ పొగ నేల కింది రాతి గొట్టాల గుండా సాగి గదిని వెచ్చచేసేవి. కూర్చోవడం, తినడం, పడుకోవడం అన్నీ నూనె కాగితం పరచిన ఆ వెచ్చని నేల మీదనే. రాత్రి పొద్దుపోయేదాకా ఆడవారు తెల్లబట్టలను రాతి మీద పెట్టి కొయ్య గూటాలతో జంటగా మోదే చప్పుడు వినిపించేది. ఆనాటి విదేశీయులు వ్రాసిన పుస్తకాలలో ఈ చప్పుడు ప్రస్తావన లేనిది అరుదు.

బడిలో పరిస్థితి వేరు. అంతవరకు కొరియా బాలుడు ఎరిగినది సోదాంగ్ అనే పల్లెబడి. నేల మీద కూర్చొని, శరీరం ఊపుతూ, చైనా లిపిలోని వెయ్యి అక్షరాల పాఠాన్ని గొంతెత్తి వల్లించడం అక్కడి పద్ధతి. మన వీధిబడుల చరిత్ర తెలిసినవారికి ఇది కొత్తగా ఉండదు. గురువు నీడను కూడా తొక్కరాదన్నది అక్కడి సామెత. అటువంటి గౌరవం సహజంగానే ఈ పరదేశులకూ లభించింది. అయితే గురువును గౌరవించడం వేరు, ఆయన చెప్పేది అవసరమనుకోవడం వేరు. ఎడమ మందిరపు విద్యార్థులకు కొలువు ముందే ఉన్నది. రాజకార్యం ఉన్నదని చెప్పి తరగతికి రాకపోవడం వారికి సులువైన మార్గమయింది. రాజు ఆసక్తి చూపి, తానే విద్యార్థులను పరీక్షించిన సందర్భాలూ ఉన్నవి. ఆ ఆసక్తి కింది అధికారులకు అంటలేదు. మొదటి దశలో దుబాసీ లేనిదే పాఠం నడవదు. ఏ బి సి డిలతో మొదలుపెట్టి గణితం, భూగోళం, చరిత్ర దాకా వెళ్ళాలి. 1889లో గిల్మోర్, 1891లో హల్బర్ట్ వెళ్ళిపోయారు. 1894లో పాఠశాల మూతపడింది. సంస్థగా చూస్తే ఇది విఫల ప్రయత్నమే.

ఆ ప్రాంతంలోనే, జోంగ్‌దోంగ్ పేటలో, ఇంకొక తరహా బడులు మొదలయ్యాయి. మెథడిస్టు సంఘానికి చెందిన అప్పెన్‌జెల్లర్ 1885లో ప్రారంభించిన బాలుర బడికి రాజు మరుసటి సంవత్సరం పేజే హాక్‌దాంగ్ అని పేరు పెట్టాడు. 1886లో మేరీ స్క్రాంటన్ అనే యాభై దాటిన విధవరాలు ఒకే ఒక విద్యార్థినితో బాలికల బడి పెట్టింది. అదే ఇహ్వా, నేడు అదే పేరుతో పెద్ద మహిళా విశ్వవిద్యాలయం ఉన్నది. పూట గడవని ఒక తల్లి తన కూతురిని అక్కడ చేర్చింది. పరదేశులు మొదట బాగా తిండి పెట్టి తరువాత పిల్లను దేశం దాటిస్తారని ఇరుగుపొరుగువారు చెప్పగా ఆమె వెనక్కు వచ్చింది. తల్లిదండ్రుల అనుమతి లేనిదే బాలికను దేశం దాటించనని స్క్రాంటన్ కాగితం వ్రాసి సంతకం చేసి ఇచ్చింది. 1888 వేసవిలో పరదేశులు పిల్లలను ఎత్తుకుపోతున్నారన్న వదంతి సియోల్ అంతటా వ్యాపించి అల్లర్లకు దారితీసిన సంగతి గుర్తుంచుకొంటే, ఆ కాగితం విలువ తెలుస్తుంది. విద్యాలయాల చరిత్రలలో రాజశాసనాలకు మొదటి పుటలు ఇస్తారు. ఈ వ్యాసకర్తకు మాత్రం ఒక ఉపాధ్యాయురాలు ఒక నిరుపేద తల్లికి వ్రాసి ఇచ్చిన ఈ హామీ పత్రమే ముఖ్యమనిపిస్తుంది.

హల్బర్ట్ విషయానికి వద్దాం. కొరియా లిపిని తాను నాలుగు రోజులలో చదవడం నేర్చుకొన్నానని ఆయన చెప్పుకొన్నాడు. సెజోంగ్ రాజు 1446లో ప్రకటించిన ఆ లిపిలో నాడు 28 అక్షరాలు. నేడు హాంగుల్ అంటున్న ఆ లిపిని అప్పటి పండితులు ‘ఒన్‌మున్’ అనేవారు, అంటే గ్రామ్యపు వ్రాత. అది స్త్రీలకు, సామాన్యులకు తగినదని వారి అభిప్రాయం. చదువంటే చైనా అక్షరాలే. తన తరగతిలోని కులీన యువకులు దేశపు సొంత లిపిని చిన్నచూపు చూస్తూ ఇంగ్లీషు అక్షరాలు దిద్దడం హల్బర్ట్‌కు వింతగా తోచింది. ఆయన ప్రపంచ భూగోళ పాఠ్యపుస్తకాన్ని కేవలం హాంగుల్‌లో వ్రాశాడు. 1891 ప్రాంతంలో వెలువడిన దాని పేరు సామిన్ పిల్జి: పండితులూ ప్రజలూ తప్పక తెలుసుకొనవలసినది అని అర్థం. సూర్యమండలం మొదలుకొని ఖండాలు, దేశాలు, వాటి ప్రభుత్వ విధానాలు, పంటలు, జనాభా అందులో ఉన్నవి. చక్కని లిపిని పెట్టుకొని కొరియనులే దానిని చులకన చేస్తున్నారన్న బాధను ముందుమాటలో వ్యక్తం చేశాడు. కొన్నేళ్ళకు 1895లో ప్రభుత్వం ఇదే పుస్తకాన్ని చైనా లిపిలోకి అనువదింపజేయడం చరిత్రలోని చిన్న పరిహాసం. పండితులు అప్పటికి గాని అది పుస్తకమని ఒప్పుకోలేదు కాబోలు!

హల్బర్ట్ 1893లో మళ్ళీ వచ్చి మెథడిస్టు ముద్రణాలయ బాధ్యత తీసుకొన్నాడు. 1896లో పూర్తిగా హాంగుల్‌లో వెలువడిన తొలి వార్తాపత్రిక, సో జేపిల్ స్థాపించిన ‘దోంగ్నిప్ సిన్‌మున్’, మొదట ఆ ముద్రణాలయంలోనే అచ్చయింది. జనం పాడుకొనే అరిరాంగ్ పాటకు తొలిసారి స్వరలిపి వ్రాసి అదే ఏడు ప్రచురించినవాడూ హల్బర్టే.

తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే గ్రంథం ఒకటి ఆయన వ్రాశాడు. 1905లో సియోల్‌లో అచ్చయిన ఆ పుస్తకం విషయం కొరియా భాషకూ, భారతదేశపు ద్రావిడ భాషలకూ తులనాత్మక వ్యాకరణం. తెలుగు, తమిళం మొదలైన భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఎల్లిస్ 1816లో నిరూపించినది కేంబెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలోనే. 1856లో కాల్డ్‌వెల్ తులనాత్మక వ్యాకరణంతో ఆ వాదం స్థిరపడింది. ఆ మార్గంలో హల్బర్ట్ కొరియా భాషను ద్రావిడ భాషల పక్కన పెట్టి చూశాడు. మనకు ఆయన ఏమి చూశాడో ఊహించడం కష్టం కాదు. కొరియాలోనూ వాక్యం చివర క్రియ వస్తుంది. విభక్తి నామం తరువాత చేరుతుంది. ప్రత్యయం మీద ప్రత్యయం అతుక్కొంటుంది. ‘నా’ అంటే నేను, ‘నో’ అంటే నీవు. భాషాశాస్త్రం నేడు ఈ బంధుత్వాన్ని అంగీకరించడం లేదు. నిర్మాణంలో పోలిక ఉన్నంత మాత్రాన ఒకే మూలం ఉన్నదని చెప్పరాదు, చిన్న పదాల సామ్యం యాదృచ్ఛికం కావచ్చు. అయినా ఇంగ్లీషు చెప్పడానికి కుదిరిన పంతులు, ఇరవై ఏళ్ళు తిరగకుండా, విద్యార్థుల భాషకు చుట్టాలెవరా అని తెలుగు తమిళాల దాకా వెతుకుతూ రావడం సామాన్యం కాదు. అవసరం కోసం నేర్చుకొన్న భాషతో ఎవరూ అంత దూరం పోరు.

ఆ సంవత్సరమే ఆయన జీవితం మలుపు తిరిగింది. జపాను ఒత్తిడి పెరిగిన 1905లో, రోజువెల్టు అధ్యక్షుడికి గోజోంగ్ వ్రాసిన లేఖను తీసుకొని వాషింగ్టన్ వెళ్ళాడు. కొరియా విదేశీ వ్యవహారాలను జపాను వశం చేసిన ఒప్పందంపై నవంబరు 17న సంతకాలు జరిగేదాకా అధ్యక్షుడు ఆయనకు దర్శనమే ఇవ్వలేదు. 1907లో హేగ్ శాంతి సభకు రహస్యంగా వెళ్ళిన కొరియా ప్రతినిధులకు తోడ్పడ్డాడు. అక్కడా తలుపు తెరుచుకోలేదు. 1905 ఒప్పందాన్ని సమర్థించిన అయిదుగురు మంత్రులలో యి వాన్‌యోంగ్ ఒకడు. 1910 ఆగస్టులో దేశాన్ని జపానులో విలీనం చేసే ఒడంబడికపై ప్రధానమంత్రి హోదాలో సంతకం పెట్టినవాడూ అతడే. ఎడమ మందిరంలో ఇంగ్లీషు నేర్చిన విద్యార్థి దేశాన్ని అప్పగించిన పత్రం మీద వ్రాలు చేశాడు. ఆ మందిరంలో ఇంగ్లీషు చెప్పిన పరదేశి ఆ పత్రానికి వ్యతిరేకంగా దేశదేశాలు తిరిగాడు. భాషాజ్ఞానం మనిషిని ఎటు నడిపిస్తుందో ముందుగా చెప్పగల విద్యాప్రణాళిక ఏ శాఖ దగ్గరా లేదు.

స్వతంత్ర కొరియా ఆహ్వానంపై 1949 జులై చివర సియోల్ చేరిన హల్బర్ట్, వారం తిరగకుండానే ఆగస్టు 5న, ఎనభై ఆరవ యేట మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో కంటె కొరియా మట్టిలో పూడ్చబడటమే తనకు ఇష్టమని చెప్పిన ఆయనను హాన్ నది ఒడ్డున యాంగ్‌హ్వాజిన్ శ్మశానంలో ఖననం చేశారు. సమాధి ఫలకం మీది వ్రాత దేశాధ్యక్షుడి చేతి మీదుగా రావాలని నడుమ కొంత భాగం ఖాళీ ఉంచారు. ఆ ఖాళీ 1999లో, కిమ్ డేజుంగ్ అధ్యక్షుడుగా ఉండగా నిండింది. మధ్యలో గడచినవి యాభై ఏళ్ళు.

జపాను పాలనలో విదేశీ ఉపాధ్యాయుని స్థితి మారిపోయింది. 1911 విద్యాశాసనంతో జపాను భాషే ‘జాతీయ భాష’ అయింది. 1938 నాటికి కొరియా భాష తప్పనిసరి పాఠ్యాంశం కాకుండా పోయింది. సొంత దేశంలోని బడిలో కొరియా బాలుడే పరదేశి అయ్యాడని చెప్పవచ్చు. ఆ కాలపు వారిలో ఫ్రాంక్ స్కోఫీల్డ్‌ను పేర్కొనాలి. 1916లో సెవరన్స్ వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పడానికి వచ్చిన కెనడా దేశీయుడు ఆయన. పోలియో వల్ల ఒక కాలు సరిగా లేదు. 1919 ఏప్రిల్‌లో జేఆమ్‌రి గ్రామస్థులను చర్చిలో పెట్టి తగులబెట్టారని విని, సైకిలు మీద అక్కడికి చేరి ఫొటోలు తీసి ప్రపంచానికి తెలియజేశాడు. 1970లో మరణించిన ఆయన సమాధి సియోల్ జాతీయ శ్మశానంలో ఉన్నది.

యుద్ధం ముగిసిన దక్షిణ కొరియాకు 1966లో అమెరికా శాంతిదళం వాలంటీర్లు వచ్చారు. 1981 వరకు రెండు వేల మందికి పైగా పనిచేశారు; చాలామంది మాధ్యమిక పాఠశాలలలో ఇంగ్లీషు పంతుళ్ళు. తరగతికి అరవై, డెబ్బయి మంది. పంతులు లోపలికి రాగానే తరగతి నాయకుడు కేక వేస్తే అందరూ ఒక్కసారిగా వంగి నమస్కరించడం, చలికాలంలో గది మధ్య పొయ్యి, ఇంట్లో బొగ్గు ఇటుకల సెగ. ఆ సెగ నుంచి వెలువడే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీయవచ్చునన్న భయం వారికీ, ఇంటివారికీ సమానమే. అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా వీధులలో తిరగరాదన్న నిషేధం 1982 జనవరి దాకా అమలులో ఉన్నది. హల్బర్ట్ విన్న గంట లేదు గాని, దాని నియమం ఏదో రూపంలో నిలిచింది. వాలంటీర్లకు ముందుగా కొరియా భాషలో గట్టి శిక్షణ ఇచ్చి, కొరియా కుటుంబాల నడుమ బస ఏర్పాటు చేయడం ఈ పథకంలో మెచ్చదగిన అంశం. దాని ఫలితం తరువాత కనిపించింది. 1975లో యేసాన్ మాధ్యమిక పాఠశాలలో పాఠం చెప్పిన కాథ్లీన్ స్టీఫెన్స్ 2008లో అమెరికా రాయబారిగా తిరిగివచ్చి కొరియనులతో కొరియా భాషలోనే మాట్లాడింది. బ్రూస్ కమింగ్స్ వంటి చరిత్రకారుడూ ఈ దళం నుంచి వచ్చినవాడే.

ప్రభుత్వమే జీతమిచ్చి విదేశీయులను బడులకు పంపే ఎపిక్ పథకం 1995లో మొదలయింది. 1997 నుంచి మూడవ తరగతిలోనే ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యాంశం. నేటి ఉపాధ్యాయుని దినచర్య ఇది: గుమ్మం దగ్గర బూట్లు విడిచి చెప్పులు తొడుక్కోవడం, కొరియా ఉపాధ్యాయునితో కలిసి ఒకే తరగతిలో పాఠం చెప్పడం, మధ్యాహ్నం స్టీలు పళ్ళెంలో అన్నం, పులుసు, కిమ్చి విద్యార్థులతో పాటు తినడం, సాయంత్రం పిల్లలు తమ తరగతిగదిని తామే ఊడ్చుకోవడం చూడటం. వారానికి ఇరవైరెండు తరగతులు, ఏడాది ఒప్పందం, బడి ఇచ్చే ఒంటిగది ఇల్లు. సెలవులలో పిల్లలు లేకపోయినా ఒప్పందం ప్రకారం బల్ల ముందు కూర్చోవలసిన రోజులుంటాయి. ఈ బాధ మన కార్యాలయ సోదరులకు వివరించనక్కరలేదు. నవంబరులో జరిగే విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వినికిడి భాగం నడుస్తున్నంతసేపు దేశమంతటా విమానాల రాకపోకలు ఆపివేస్తారు. ఆ పరీక్షలో మాట్లాడే భాగం లేదు. అందువల్ల మాట్లాడించడానికి వచ్చిన పరదేశి తరగతి పెద్ద పిల్లలకు విరామమవుతుంది. ఎడమ మందిరపు కొలువు ఉద్యోగుల గైర్హాజరుకూ, పుస్తకం చాటున వీరి కునుకుకూ కారణం ఒక్కటే.

వీరిని కొరియా భాషలో ‘వొన్ ఒమిన్’ అంటారు, మూలభాషా జనులని అర్థం. వీసా నియమాలు అర్హులను అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల పౌరులకు పరిమితం చేశాయి. ఏ విషయంలోనైనా పట్టా ఉంటే చాలు. 2007 నుంచి వీరికి హెచ్‌ఐవి పరీక్ష తప్పనిసరి చేశారు. కొరియా ఉపాధ్యాయులకూ, విదేశాలలో పుట్టిన కొరియా జాతీయులకూ ఆ పరీక్ష లేదు. న్యూజిలాండుకు చెందిన ఒక ఉపాధ్యాయురాలి ఫిర్యాదుపై ఐక్యరాజ్య సమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ 2015లో ఇది వివక్ష అని తేల్చగా, 2017లో ఆ నియమం రద్దయింది. పిల్లను ఎత్తుకుపోతారన్న 1888 నాటి భయం కొత్త వేషంలో తిరిగివచ్చిందనడం కొంత కఠినమే గాని, పూర్తిగా అన్యాయం కాదు.

భారతీయులకు ఈ బడి తలుపు తెరుచుకొన్నది వాణిజ్య ఒప్పందం ద్వారా. 2009లో సంతకాలు జరిగి 2010 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత–కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, భారతీయులు కొరియా పాఠశాలలలో ఇంగ్లీషు బోధించడానికి వీలు కల్పించింది. హోదా మాత్రం సహాయోపాధ్యాయుడు. పట్టాతో పాటు ఇంగ్లీషు బోధనార్హత పత్రం కూడా చూపాలి. ఏడు దేశాల వారికి పుట్టుకే అర్హత అయిన చోట భారతీయునికి శిక్షణ అడుగుతున్నారు. శిక్షణ అడగడం సబబే. అది అందరినీ అడగకపోవడమే లోపం. ఇంగ్లీషును రెండవ భాషగా కష్టపడి నేర్చుకొన్నవాడికి, తన ఎదుట కూర్చున్న పిల్లవాడు ఎక్కడ తడబడతాడో తెలిసి ఉంటుంది. పైగా క్రియ చివర వచ్చే భాషలో పెరిగిన తెలుగువాడికి కొరియా బాలుని ఇంగ్లీషు వాక్యం ఎందుకు తలకిందులవుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. హల్బర్ట్ సిద్ధాంతం నిలవకపోయినా, ఆయన గమనించిన నిర్మాణ సామ్యానికి తరగతిగదిలో ఈ ఉపయోగం మిగిలే ఉన్నది.

ఇప్పుడు రెండవ వైపు రాకపోకలూ ఆరంభమయ్యాయి. అనంతపురం సీమలోని పెనుకొండ దగ్గర కొరియా కార్ల కర్మాగారం 2019లో ప్రారంభమయ్యాక అక్కడ కొరియా అక్షరాల పేరుపలకలు కనిపించాయి. 2020 జాతీయ విద్యావిధానం ఉన్నత పాఠశాల స్థాయిలో బోధించదగిన విదేశీ భాషలలో కొరియా భాషను పేర్కొన్నది. సియోల్ నుంచి ఒక పంతులు వచ్చి మన జిల్లా బడిలో హాంగుల్ చెప్పే రోజు దూరాన లేదనుకొందాం. ఆయనకు ఏ ఊళ్ళో బస ఇవ్వాలి, తెలుగు నేర్పేది ఎవరు అన్న ప్రశ్నలు ఏ శాఖ కాగితాలలోనూ ఇంతవరకు చేరినట్లు లేదు.